కాల్పుల విరమణకు కాపలా: శ్రీలంకలో నార్వే దౌత్యం, పర్యవేక్షక బృందం (2002–2008)

ఉపోద్ఘాతం

శ్రీలంక ప్రభుత్వానికీ, తమిళ ఈలం విముక్తి పులుల సంస్థ అయిన ఎల్టీటీఈకీ మధ్య 2002 ఫిబ్రవరిలో కుదిరిన కాల్పుల విరమణ ఒప్పందం 2008 జనవరి 16న చట్టరీత్యా ముగిసింది. చట్టరీత్యా అని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. ఎందుకంటే అప్పటికి ఏడాదిన్నరగా ఆ ద్వీపపు ఉత్తర, తూర్పు ప్రాంతాలలో యుద్ధం బాహాటంగానే సాగుతోంది. ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్లు కొలంబో ప్రభుత్వం జనవరి 2న ప్రకటించి, పద్నాలుగు రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలన్న నిబంధనను తు.చ. తప్పకుండా పాటించింది. చివరిదాకా ఎవరూ ఉల్లంఘించకుండా మిగిలిన నిబంధన బహుశా అదొక్కటే.

ఈ ఒప్పందం ఎందుకు విఫలమైందన్న ప్రశ్నపై విస్తారమైన సాహిత్యం వచ్చింది. ఎల్టీటీఈ నిజాయితీ లేమి, సింహళ రాజకీయ పక్షాల అంతఃకలహం, దాతృదేశాల తొందరపాటు, 2004 నాటి తూర్పు చీలిక మొదలైన కారణాలన్నీ అందులో చర్చకు వచ్చాయి. ప్రస్తుత వ్యాసం పరిశీలించేది అంతకన్నా చిన్న ప్రశ్న. ఒప్పందాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఐదు నార్డిక్ దేశాల సభ్యులతో ఒక బృందం ఏర్పడింది. ఆ బృందం దేనిని చూసింది, దేనిని లెక్కించింది, ఆ లెక్క ఎవరికి ఉపయోగపడింది? కాల్పుల విరమణను రెండు సైన్యాల మధ్య నిశ్శబ్దంగా నిర్వచించుకున్న దౌత్యం, ఆ నిశ్శబ్దం చాటున ఒక్కొక్కరుగా హతమైన పౌరులను, ఇళ్ళ నుంచి తీసుకుపోబడిన పిల్లలను కళ్ళారా చూసింది. నమోదు కూడా చేసింది. కానీ ఆ నమోదుకు ఎటువంటి పర్యవసానమూ లేకుండా చేసుకుంది. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం.

పూర్వరంగం

పర్యవేక్షణ అన్న భావన శ్రీలంకకు 2002లో కొత్తగా వచ్చింది కాదు. 1985లో థింపూ చర్చలకు ముందు భారతదేశం చొరవతో కాల్పుల విరమణ కుదిరింది. ఆ ఏడాది చివరి భాగంలో దాన్ని పర్యవేక్షించడానికి ఒక కమిటీ కూడా ఏర్పడింది. శ్రీలంక పౌర ప్రముఖులే అందులో సభ్యులు. వారికి అధికారమూ లేదు, రక్షణా లేదు. కొద్ది నెలల్లోనే అది నామమాత్రమైంది. 1987 జులై 29 నాటి భారత-శ్రీలంక ఒప్పందం పర్యవేక్షణను దాటి, శాంతి పరిరక్షక దళాన్నే రంగంలోకి దించింది. రక్షించడానికి వచ్చిన సైన్యం కొద్ది వారాల్లోనే యుద్ధంలో ఒక పక్షమైంది. వెయ్యిమందికి పైగా భారత సైనికులు ప్రాణాలు కోల్పోయాక, 1990 మార్చిలో ఆ దళం వెనుదిరిగింది. 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య, మరుసటి ఏడాది ఎల్టీటీఈపై నిషేధం జరిగిన తరువాత భారతదేశం మధ్యవర్తిగా ఉండే అవకాశం పూర్తిగా మూసుకుపోయింది. అయితే ఆ తరువాత వచ్చిన ప్రతి మధ్యవర్తీ దిల్లీ మనసెరిగి మెలగవలసిందే.

మూడవ ప్రయత్నం 1995 నాటిది. చంద్రిక కుమారతుంగ అధికారంలోకి వచ్చిన వెంటనే ఎల్టీటీఈతో కుదుర్చుకున్న శత్రుచర్యల విరమణ జనవరి 8న అమలులోకి వచ్చింది. విదేశీయుల అధ్యక్షతన స్థానిక కమిటీలు ఉండాలన్న ఆలోచన మొదట అందులోనే కనిపిస్తుంది. కెనడా, నెదర్లాండ్స్, నార్వేల నుంచి పరిశీలకులను పిలిచారు. వారు పనిలో కుదురుకునే లోపే, ఏప్రిల్ 19 తెల్లవారుజామున త్రింకోమలి రేవులో రెండు నౌకాదళ పడవలను పులులు పేల్చివేశారు. వైదొలగాలనుకున్న పక్షం 72 గంటల ముందు తెలియజేయాలన్న నిబంధన కాగితానికే పరిమితమైంది. 2002 ఒప్పందంలో ఆ గడువు పద్నాలుగు రోజులకు పెరగడం వెనుక, స్థానిక కమిటీల నమూనా మళ్ళీ ప్రత్యక్షం కావడం వెనుక ఈ చేదు అనుభవం ఉంది. పత్రాలు రాసేవారు పాత పత్రాలను దగ్గర పెట్టుకునే రాస్తారు. గత వైఫల్యంలోని లోపాన్ని సరిదిద్దగలరు గాని, రాబోయే వైఫల్యం ఏ రూపంలో వస్తుందో ఊహించడం కష్టం.

నార్వే ప్రవేశం

నార్వేను ఎందుకు ఎంచుకున్నారన్నదానికి సాధారణంగా చెప్పే కారణాలు సరైనవే. అది చిన్న దేశం, దూరదేశం. వలసపాలన చరిత్ర లేనిది. ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం లేనిది. ఈ చివరి అంశానికి 2006లో అనుకోని ప్రాముఖ్యం ఏర్పడుతుంది. ఓస్లో పాత్రను చంద్రిక ప్రభుత్వం 2000 సంవత్సరం ఆరంభంలో బహిరంగంగా ప్రకటించింది. ఆ ఏడాది చివర ప్రత్యేక దూత ఎరిక్ సోల్‌హైమ్ వన్ని ప్రాంతానికి వెళ్ళి ప్రభాకరన్‌ను కలిశారు. లండన్‌లో ఉన్న ఆంటన్ బాలసింగం ద్వారా సంప్రదింపులు సాగాయి. తాము మధ్యవర్తులం కాము, ఇరుపక్షాలను కలిపే సంధానకర్తలం మాత్రమే అని నార్వే మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. ఈ పదభేదం కేవలం మర్యాదకు సంబంధించినది కాదు. మధ్యవర్తి ప్రతిపాదనలు చేస్తాడు, అవసరమైతే ఒత్తిడి తెస్తాడు. సంధానకర్త ఇరువురూ కోరినంత మేరకే పనిచేస్తాడు.

ఆ సమయానికి ఇరుపక్షాలకూ విరామం కావలసి వచ్చింది. 2000 ఏప్రిల్‌లో ఎలిఫెంట్ పాస్ స్థావరం పులుల చేతికి చిక్కింది. సరిగ్గా ఏడాది తరువాత సైన్యం తలపెట్టిన అగ్నిఖిల దాడి ఘోరంగా విఫలమైంది. 2001 జులై 24న కటునాయక విమానాశ్రయంపై జరిగిన దాడి శ్రీలంక ఆర్థిక వ్యవస్థను కుదిపివేసింది. స్వాతంత్ర్యానంతరం తొలిసారిగా ఆ సంవత్సరం దేశ ఆదాయం పెరగడానికి బదులు తగ్గింది. మరోవైపు అమెరికా, బ్రిటన్ నిషేధాల వల్ల, సెప్టెంబరు 11 అనంతర వాతావరణం వల్ల పులుల అంతర్జాతీయ నిధి మార్గాలు ఇరుకున పడ్డాయి. 2001 డిసెంబరు 5 ఎన్నికలలో రణిల్ విక్రమసింఘె కూటమి గెలిచింది. డిసెంబరు 24 నుంచి ఎల్టీటీఈ ఏకపక్ష విరమణ ప్రకటించగా, ప్రభుత్వం ప్రతిస్పందించింది. రెండు నెలల్లో ఒప్పంద పత్రం సిద్ధమైంది.

ఈ వేగం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇరుపక్షాల ప్రతినిధులు ఎదురెదురుగా కూర్చుని ఈ పత్రం రాయలేదు. నార్వే దౌత్యవేత్తలు కొలంబో, వన్ని, లండన్‌ల మధ్య ముసాయిదాలు మోసుకుని తిరిగారు. సంతకాలు కూడా విడివిడిగానే జరిగాయి. ప్రభాకరన్ సంతకం వన్నిలో అయింది. ప్రధాని రణిల్ ఫిబ్రవరి 22న వవునియాలో సంతకం చేశారు. సర్వసైన్యాధిపతి అయిన దేశాధ్యక్షురాలు చంద్రిక మాత్రం ఈ ప్రక్రియకు బయటే ఉండిపోయారు. తనను తగిన విధంగా సంప్రదించలేదని ఆమె అప్పుడే ఆక్షేపించారు. నార్వేను దేశంలోకి ఆహ్వానించింది ఆమే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. దేశ రాజ్యాంగం ప్రకారం సైన్యంపై అధికారం ఉన్న వ్యక్తి ఆమోదం లేకుండా సైన్యాన్ని బంధించే ఒప్పందం కుదరడం దౌత్యపరంగా విజయమే కావచ్చు. రాజకీయంగా అది అప్పు.

ఒప్పందపు నిర్మాణం

నాలుగు అధికరణాల ఈ పత్రం చాలా చిన్నది. మొదటి అధికరణం సైనిక విషయాలకు సంబంధించినది. కాల్పులు, ఆకస్మిక దాడులు, హత్యలు, అపహరణలు, విధ్వంసం, ఆత్మాహుతి దాడులు, శత్రుప్రాంతంలోకి చొరబడే దళాల కార్యకలాపాలు, ఇవన్నీ నిషిద్ధం. ఇరు సేనల మధ్య కనీసం 600 మీటర్ల ఎడం ఉండాలి. రెండవ అధికరణం పౌర జీవనం గురించినది. చిత్రహింస, బెదిరింపు, అపహరణ, బలవంతపు వసూళ్ళు, వేధింపు వంటివి కూడదు. ఆరాధనా స్థలాలను, పాఠశాలలను ఖాళీ చేయాలి. కాండీ-జాఫ్నా మార్గమైన ఎ9 రహదారి తెరవాలి. ఏళ్ళ తరబడి మూతపడిన ఆ దారి 2002 ఏప్రిల్‌లో నిజంగానే తెరుచుకుంది. దక్షిణాదిలో ఉన్న బంధువులను చూడడానికి జాఫ్నా వాసులు, ఉత్తరాదిని మొదటిసారి చూడడానికి సింహళ యాత్రికులు ఆ దారిలో బారులు తీరారు. దారి మధ్యలో పులులు పన్ను వసూలు చేశారన్నది వేరే సంగతి. ఈ ఒప్పందాన్ని విమర్శించేవారు ఆ రహదారిని మరచిపోకూడదు. దాదాపు నాలుగేళ్ళ పాటు రెండు సైన్యాల మధ్య పెద్ద యుద్ధం జరగలేదు. అంతకు ముందరి దశాబ్దంతోనూ, తరువాతి మూడేళ్ళతోనూ పోల్చి చూస్తే, దీనివల్ల నిలిచిన ప్రాణాలు వేలల్లో ఉంటాయి.

పులుల రాజకీయ కార్యకర్తలు ప్రభుత్వ ప్రాంతాలలోకి ఎలా రావాలన్న విషయంలో పత్రం చూపిన జాగ్రత్త గమనించదగినది. ముప్పయ్యో రోజు నుంచి నిరాయుధులైన యాభై మంది, అరవయ్యో రోజు నుంచి మరో వంద మంది, తొంభయ్యో రోజు నుంచి నిరాయుధులైన సభ్యులందరూ రావచ్చు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నక్సలైట్ పార్టీలకూ మధ్య జరిగిన చర్చలు గుర్తున్న పాఠకులకు ఈ చిక్కు ఎంత పెద్దదో తెలుసు. కార్యకర్తలు గ్రామాలలో ఆయుధాలతో తిరగవచ్చునా లేదా అన్న ప్రశ్న దగ్గర అక్కడి సంభాషణ తెగిపోయింది. శ్రీలంకలో ఆ ప్రశ్నకు రోజుల లెక్కన, మనుషుల లెక్కన జవాబు దొరికింది. కానీ నిరాయుధులై వచ్చినవారు కొత్త ప్రాంతాలలో ఏం చేస్తారన్న ప్రశ్నకు మాత్రం పత్రంలో జవాబు లేదు.

అదే అధికరణంలో మరో నిబంధన ఉంది. తమిళ అర్ధసైనిక వర్గాలను ముప్పై రోజుల్లోగా ప్రభుత్వం నిరాయుధం చేయాలి. ఒకప్పుడు ఎల్టీటీఈతో విభేదించి, దాని తూటాలకు భయపడి ప్రభుత్వ పంచన చేరిన చిన్న సంస్థలు ఇవి. వీరిలో హింసకు పాల్పడినవారూ ఉన్నారు, ఎన్నికల రాజకీయాలలోకి వచ్చినవారూ ఉన్నారు. వారి చేతుల నుంచి తుపాకులు తీసుకున్న పత్రం వారి ప్రాణాలకు పూచీ ఇవ్వలేదు. నా దృష్టిలో ఒప్పందంలోని అతి పెద్ద నైతిక లోపం ఇదే. ఒప్పందంలో పక్షం కానివారి భద్రతను, ఒప్పందంలో పక్షమైన వారి ఇష్టాయిష్టాలకు వదిలేయడం జరిగింది.

మూడవ అధికరణం శ్రీలంక మానిటరింగ్ మిషన్‌కు సంబంధించినది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్, ఐస్లాండ్ దేశాల నుంచి వచ్చిన నిరాయుధ పరిశీలకులు ఇందులో ఉంటారు. వారి సంఖ్య మొదట్లో తక్కువైనా, ఆ తరువాత అరవైకి దగ్గరగా పెరిగింది. కేంద్ర కార్యాలయం కొలంబోలో ఉంటుంది. జాఫ్నా, మన్నార్, వవునియా, త్రింకోమలి, బట్టికలోవా, అంపారా జిల్లాలలో స్థానిక కమిటీలు ఏర్పడతాయి. ఒక్కొక్క కమిటీలో ప్రభుత్వం తరఫున ఇద్దరు, ఎల్టీటీఈ తరఫున ఇద్దరు, అధ్యక్షత వహించే విదేశీ పరిశీలకుడు ఒకరు ఉంటారు. ఇరుపక్షాల అంగీకారానికి లోబడి మిషన్ అధిపతిని నార్వే ప్రభుత్వం నియమిస్తుంది. ఒప్పందాన్ని వ్యాఖ్యానించే తుది అధికారం ఆ అధిపతిదే.

ఈ చివరి రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవాలి. చర్చలను ముందుకు నడపవలసిన దేశమే, ఉల్లంఘన జరిగిందో లేదో తేల్చే వ్యక్తిని నియమిస్తోంది. చర్చలు నడవాలంటే ఇరుపక్షాలూ నొచ్చుకోకూడదు. ఉల్లంఘనలు తేల్చాలంటే ఎవరో ఒకరు నొచ్చుకోక తప్పదు. పైగా వ్యాఖ్యానంలో తుది మాట అన్నంత పెద్ద అధికారం ఇచ్చి, ఆ వ్యాఖ్యానాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందన్న విషయం వదిలేశారు. శిక్ష లేదు, మధ్యంతర ఆంక్ష లేదు, మూడో సంస్థకు నివేదించే మార్గం కూడా లేదు. మిషన్ నిర్ణయం ఇరుపక్షాలకు తెలియజేయడంతో దాని పని పూర్తవుతుంది.

అలా కాకుండా కఠినమైన ఏర్పాటు సాధ్యమయ్యేదా అని అడగవచ్చు. నిజం చెప్పాలంటే, కష్టమే. విదేశీ తీర్పుకు కట్టుబడతామని ప్రభుత్వం రాసి ఇచ్చి ఉంటే దాని సార్వభౌమత్వమే ప్రశ్నార్థకమయ్యేది. ప్రభాకరన్ మరొకరి తీర్పుకు కట్టుబడిన సందర్భం ఆయన చరిత్రలో లేదు. ఐక్యరాజ్య సమితి గాని, పెద్ద దేశాల సైనికులు గాని తన పొరుగున అడుగు పెట్టడం దిల్లీకి రుచించదన్నది దౌత్యవర్గాలలో బహిరంగ రహస్యం. బలహీనమైన పర్యవేక్షణ సంతకాలకు చెల్లించిన ధర. ఆ ధర ఎవరి జేబులోంచి పోయిందన్నదే ప్రశ్న.

లెక్కలు చెప్పేవి, చెప్పనివి

2002 ఫిబ్రవరి నుంచి 2007 ఏప్రిల్ దాకా వెలువడిన మిషన్ గణాంకాల ప్రకారం ఎల్టీటీఈ ఉల్లంఘనలు 3,830. ప్రభుత్వ ఉల్లంఘనలు 351. దాదాపు పదకొండుకు ఒకటి. ఈ నిష్పత్తిని సింహళ జాతీయవాద పక్షాలు తమ వాదానికి పతాకంగా వాడుకున్నాయి. అదే సమయంలో మిషన్ పులుల పక్షపాతి అని నిందించాయి కూడా. ఈ రెండు మాటలూ ఒకే వేదికల మీద నుంచి వినిపించడం ఆనాటి పత్రికలు తిరగేసిన వారికి తెలిసిందే.

చరిత్రకారుడు ఈ సంఖ్యలను ఆధారంగా తీసుకునే ముందు అవి తయారైన పద్ధతిని చూడాలి. ఫిర్యాదు వస్తే మిషన్ విచారించేది. ఆధారం దొరికితే ఉల్లంఘన అని తేల్చేది. దానికి పోలీసు అధికారాలు లేవు. సాక్షులకు రక్షణ ఇవ్వగల శక్తి లేదు. బిడ్డను ఎత్తుకుపోయారని తల్లి ఫిర్యాదు చేస్తే తీసుకుపోయినవారు ఎవరో ఊరందరికీ తెలుసు. అందువల్ల బాలల బలవంతపు చేరిక ఎల్టీటీఈ ఖాతాలో అన్నిటికన్నా పెద్ద అంశంగా నమోదైంది. దీనికి భిన్నంగా, మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు గుర్తుతెలియని వ్యక్తులు పట్టపగలు ఒకరిని కాల్చి వెళ్ళిపోతే సాక్ష్యం చెప్పేవారు ఉండరు. అలాంటి హత్య చాలా సందర్భాలలో నిర్ధారణ కాకుండా మిగిలిపోయేది. ఈపీడీపీ, ఈపీఆర్ఎల్ఎఫ్, ప్లాట్ వంటి సంస్థల సభ్యులు, సైనిక గూఢచార విభాగానికి సహకరించారన్న అనుమానం ఉన్నవారు ఈ విధంగా ఒక్కొక్కరుగా రాలిపోయారు. 2004 మార్చిలో తూర్పు ప్రాంత సేనాని కరుణ ఎల్టీటీఈ నుంచి విడిపోయాక ఈ హత్యలు రెండు వైపులా సాగాయి. ప్రభుత్వ నీడలో పనిచేసిన కరుణ వర్గం చేసిన అపహరణలూ ఇదే విధంగా లెక్కకు అందలేదు.

మరో సమస్య ప్రమాణానికి సంబంధించినది. గణాంకంలో ఒక ఉల్లంఘన అంటే ఒక ఉల్లంఘనే. 2006 జూన్ 15న కెబితిగొల్లేవ దగ్గర మందుపాతర పేలి బస్సులోని అరవై మందికి పైగా పౌరులు చనిపోయిన ఘటన ఒకటి. ఆ ఆగస్టు 14న వైమానిక దాడిలో సెంచోలైలో యాభై మందికి పైగా మరణించిన ఘటన మరొకటి. ఒక వ్యాపారిని బెదిరించడం కూడా ఒకటే. 3,830, 351 అన్న సంఖ్యలు ఎవరు ఎక్కువ తప్పు చేశారన్నది చెప్పవు. ఏ రకం తప్పులు ఫిర్యాదుగా మారడానికి వీలుందో చెబుతాయి. మిషన్ గణాంకాలను యథాతథంగా ఉటంకించే సిద్ధాంత గ్రంథాలు ఈ తేడాను గమనించడం అవసరం.

ఈ లోపాన్ని పూరించే ప్రయత్నం జరగలేదని చెప్పలేం. జాఫ్నా విశ్వవిద్యాలయ అధ్యాపకుల మానవహక్కుల సంస్థ ఎంతో ప్రమాదకర పరిస్థితులలో ఈ హత్యలను, బాలల చేరికను పేరుపేరునా నమోదు చేసి ప్రచురించింది. దాని సభ్యులు అజ్ఞాతంలో ఉండి పనిచేశారు. శాంతిని చెడగొడుతున్నారన్న నింద వారికి కొలంబోలోని ఉదారవాద వర్గాల నుంచే వచ్చింది. చర్చల వేదిక మీద కూడా విషయం ప్రస్తావనకు వచ్చింది. 2002 సెప్టెంబరులో థాయిలాండ్‌లోని సత్తాహిప్‌లో మొదలై, 2003 మార్చిలో జపాన్‌లోని హకోనెతో ముగిసిన ఆరు విడతల చర్చలలో చివరి కొన్నింటికి ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పూర్వ ప్రధాన కార్యదర్శి ఇయాన్ మార్టిన్‌ను మానవహక్కుల సలహాదారుగా పిలిచారు. కాల్పుల విరమణ పర్యవేక్షణకు సమాంతరంగా మానవహక్కులకు విడిగా ఏర్పాటు ఉండాలన్న దిశలో ఆయన ఒక ప్రణాళిక రూపొందించే పనిలో ఉన్నారు. 2003 ఏప్రిల్ 21న ఎల్టీటీఈ చర్చల నుంచి వైదొలగింది. దాతృదేశాల సన్నాహక సమావేశం వాషింగ్టన్‌లో జరిగినందువల్ల నిషిద్ధ సంస్థగా తమకు అందులో చోటు లేకుండా పోయిందన్నది వారు చెప్పిన కారణాలలో ఒకటి. ప్రణాళిక అక్కడితో ఆగిపోయింది. ఆ జూన్‌లో టోక్యోలో దాతలు 450 కోట్ల డాలర్లు ప్రకటించి, శాంతి ప్రక్రియ పురోగతికి దానిని ముడిపెట్టారు. ప్రక్రియే లేనప్పుడు ఆ ముడికి విలువ లేదు.

జాఫ్నాలోని అధిక భద్రతా మండలాల విషయంలోనూ ఇదే జరిగింది. నిర్వాసితులు తమ ఇళ్ళకు తిరిగి రావాలంటే సైన్యం కొంత స్థలం వదలాలి. పులుల భారీ ఆయుధాల సంగతి తేలకుండా వదలలేమని సైన్యం చెప్పింది. భారతదేశానికి చెందిన విశ్రాంత లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్ సలహా కూడా తీసుకున్నారు. ఫలితం పెద్దగా కనిపించలేదు.

సముద్రం

ఒప్పందం భూమి మీద గీత గీసింది. సముద్రం మీద గీయలేదు. పులులకు సొంత నౌకా విభాగం ఉంది. ఆయుధాలు వచ్చేది ఆ దారినే. ఒక దేశపు జలాలలో ప్రభుత్వేతర సంస్థకు నౌకాదళం ఉండే హక్కు ఉందని రాయడం ఏ దౌత్యవేత్తకూ సాధ్యం కాదు. లేదని రాస్తే ప్రభాకరన్ సంతకం చేయరు. అందువల్ల విషయాన్ని మౌనంగా వదిలేశారు. దౌత్యంలో మౌనానికి ఉన్న ప్రయోజనాన్ని కాదనలేం. కానీ ఆ మౌనాన్ని ఎవరో ఒకరు అమలు చేయవలసి వస్తుంది. ఆ పని జాఫ్నా, త్రింకోమలిలలోని నౌకా పరిశీలకుల మీద పడింది.

2003 ఫిబ్రవరిలో, బెర్లిన్‌లో చర్చలు జరుగుతున్న రోజుల్లోనే, డెల్ఫ్ట్ ద్వీపం దగ్గర పులుల పడవను తనిఖీ చేయడానికి ఎక్కిన పరిశీలకులు సముద్రంలోకి దూకి ప్రాణాలు దక్కించుకోవలసి వచ్చింది. పడవలోని ముగ్గురు పులులు దానిని తగలబెట్టి ఆత్మాహుతి చేసుకున్నారు. మరుసటి నెలలో ముల్లైత్తీవు తీరానికి దూరంగా పులుల నౌకను నౌకాదళం ముంచివేసింది. అదే ఏడాది అక్టోబరులో మిషన్ అధిపతి ట్రిగ్వె టెల్లెఫ్సెన్‌ను మార్చాలని చంద్రిక నార్వేను కోరారు. పులుల నౌకను వెంటాడుతున్న నౌకాదళం కదలికలు వారికి ముందే తెలిసేలా చేశారన్నది అభియోగం. నిజానిజాలు ఎలా ఉన్నా, నార్వే ఆయనను మార్చింది. చర్చల నిర్వాహకుడే పర్యవేక్షకుణ్ణి నియమించే ఏర్పాటులోని బలహీనత ఇక్కడ బట్టబయలైంది. ఒక పక్షం అలిగితే తీర్పరి మారతాడు.

2006

చంద్రిక 2003 నవంబరు 4న రక్షణ సహా మూడు మంత్రిత్వ శాఖలను తన చేతిలోకి తీసుకోవడం, మరుసటి ఏప్రిల్ ఎన్నికలు, సునామీ, 2005 ఆగస్టు 12న విదేశాంగ మంత్రి లక్ష్మణ్ కదిర్‌గామర్ హత్య, నవంబరులో మహింద రాజపక్స ఎన్నిక: ఈ క్రమం తెలిసినదే. 2006 ఫిబ్రవరిలో జెనీవాలో ఇరుపక్షాలు మరోసారి కలుసుకున్నాయి. సైన్యం, పోలీసులు తప్ప మరే సాయుధ వర్గమూ తన ప్రాంతంలో పనిచేయకుండా చూస్తానని ప్రభుత్వం, సైన్యం మీద, పోలీసుల మీద దాడులు జరగకుండా చూస్తామని పులులు మాట ఇచ్చారు. నాలుగేళ్ళ క్రితమే రాసుకున్నదాన్ని మళ్ళీ మాట ఇవ్వవలసి రావడమే పరిస్థితిని చెబుతోంది.

మే 11న 710 మంది సైనికులతో వెళుతున్న నౌకను, అందులో మిషన్ పరిశీలకులు ఉండగానే, సముద్రపు పులులు చుట్టుముట్టారు. నాలుగేళ్ళుగా దాటవేసిన ప్రశ్నకు మిషన్ అప్పుడు జవాబు చెప్పింది. ప్రభుత్వేతర సంస్థకు సముద్రంపై హక్కు లేదని తేల్చింది. ఆ నెలాఖరుకు ఐరోపా సమాఖ్య ఎల్టీటీఈని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. తమను నిషేధించిన సమాఖ్య దేశాల పౌరులు తటస్థులు ఎలా అవుతారని ఎల్టీటీఈ వాదించింది. సెప్టెంబరు 1 నాటికి స్వీడన్, ఫిన్లాండ్, డెన్మార్క్ పరిశీలకులు వెళ్ళిపోయారు. బృందంలో దాదాపు మూడింట రెండు వంతులు ఖాళీ అయింది. నిషేధం సమంజసమేనా అన్నది ఇక్కడి చర్చాంశం కాదు. పర్యవేక్షక బృందంలో తమ పౌరులు ఉన్న దేశాలు తమ నిర్ణయం బృందంపై చూపే ప్రభావాన్ని బేరీజు వేశాయా అన్నది ప్రశ్న. బృందాధిపతి ఉల్ఫ్ హెన్రిక్సన్ స్వయంగా స్వీడన్ దేశస్థుడు.

ఆయన చివరి వారాలు విడిగా చెప్పుకోదగినవి. జులైలో మావిల్ ఆరు తూమును పులులు మూసివేసి, దిగువ రైతులకు నీరు ఆపారు. తూము తెరవడానికి వారిని ఒప్పించి ఆగస్టు 6న హెన్రిక్సన్ అక్కడికి వెళుతుండగా సైన్యం ఫిరంగులు పేల్చింది. నీరు కావాలన్న కారణంతో మొదలైన దాడి, నీరు వదిలే మనిషి వస్తున్నాడని తెలిశాక కూడా ఆగలేదు. ఆగస్టు 4న మూతూరులో ఫ్రెంచి సహాయ సంస్థకు చెందిన పదిహేడు మంది స్థానిక సిబ్బంది హత్యకు గురయ్యారు. పదవి నుంచి దిగే ముందు, ఆ నెలాఖరున, ఈ హత్యలకు భద్రతా దళాలే బాధ్యులని ఆయన తేల్చారు. ప్రభుత్వం దాన్ని తిరస్కరించింది. ఆగస్టు 11న ముహమాలై దగ్గర యుద్ధం మొదలవడంతో ఎ9 రహదారి మళ్ళీ మూతపడింది. మర్నాడు ప్రభుత్వ శాంతి సచివాలయ ఉపాధిపతి కేతీశ్ లోగనాథన్‌ను కొలంబోలోని ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. ఒకప్పుడు ఈపీఆర్ఎల్ఎఫ్‌లో పనిచేసిన ఆయన, హక్కులను పక్కన పెట్టిన శాంతి నిలవదని నాలుగేళ్ళుగా రాస్తూ వచ్చినవారిలో ఒకరు.

మూతూరు తదితర ఘటనలపై ప్రభుత్వం వేసిన విచారణ సంఘాన్ని పరిశీలించడానికి భారత సుప్రీంకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి అధ్యక్షతన అంతర్జాతీయ ప్రముఖుల బృందం ఒకటి ఏర్పడింది. సంఘం పనితీరుపై అసంతృప్తితో 2008లో అదీ వైదొలగింది. పర్యవేక్షకులను పర్యవేక్షించడానికి మరికొందరిని నియమించే ఈ పరంపరకు అంతం లేదు.

నేపాల్ వైపు ఒక చూపు

నార్వే ప్రభుత్వం కోరగా జరిగిన మూల్యాంకనం 2011లో ‘పాన్స్ ఆఫ్ పీస్’ పేరుతో వెలువడింది. శాంతి ప్రయత్నం లక్ష్యం చేరలేదని అది నిర్మొహమాటంగానే ఒప్పుకుంది. అయితే మరో దారి ఉండేదా అన్నది తెలుసుకోవడానికి నేపాల్ అనుభవం ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. రెండింటి మధ్య తేడాలు చాలా ఉన్నాయి. నేపాల్ మావోయిస్టులు వేరే దేశం కోరలేదు, వారికి సముద్రం లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా రాచరికానికి వ్యతిరేకంగా పార్లమెంటరీ పక్షాలతో వారికి పొత్తు కుదిరింది. అయినా పనుల వరుసక్రమం గమనించదగినది. అక్కడ కాల్పుల విరమణ లేని రోజుల్లోనే, 2005 ఏప్రిల్‌లో కుదిరిన అంగీకారం ప్రకారం ఐక్యరాజ్య సమితి మానవహక్కుల కార్యాలయం ఏర్పడింది. సైన్యం బందీఖానాలను, మావోయిస్టుల చర్యలను అది ఒకే చూపుతో చూసి బహిరంగంగా నివేదించింది. ఆయుధాల పర్యవేక్షణ ఆ తరువాత వచ్చింది. 2007 జనవరి 23న భద్రతా మండలి 1740వ తీర్మానంతో ఐక్యరాజ్య సమితి నేపాల్ మిషన్‌ను నెలకొల్పింది. ఏడు ప్రధాన శిబిరాలలో మావోయిస్టుల ఆయుధాలను పెట్టెలలో భద్రపరిచారు. తాళంచెవులు వారి దగ్గరే ఉన్నా, కెమెరాల ద్వారా గమనించే ఏర్పాటు సమితిది. సైన్యం కూడా అంతే సంఖ్యలో ఆయుధాలను పక్కన పెట్టింది. చర్చలు నడిపేవారు, హక్కులు చూసేవారు, ఆయుధాలు లెక్కించేవారు ఒకే ప్రభుత్వపు మనుషులు కాకపోవడం వల్ల ఒకరి మొహమాటం మరొకరి పనికి అడ్డు రాలేదు.

ఆ మానవహక్కుల కార్యాలయానికి మొదటి అధిపతి, ఆ తరువాత నేపాల్ మిషన్‌కు అధిపతి ఇయాన్ మార్టిన్. హకోనె తరువాతి విడతలో ఎల్టీటీఈ ముందూ, కొలంబో ముందూ పెట్టడానికి ఆయన సిద్ధం చేస్తున్న ప్రణాళిక, ఆ విడత జరగనందువల్ల, చర్చకు రానే లేదు.